‘కళ్యాణదుర్గం’ పేరులోని పన్నెండు సంకేతాలు: ప్రకటనల తెలుగులో లిపి సంకేతీకరణ చరిత్ర, పాఠసమస్యలు

వ్యాస సంగ్రహం

తెలుగు ప్రకటన అచ్చు నుంచి కంప్యూటర్ ఖతికి, ఖతి నుంచి యూనికోడ్‌కు, అక్కడి నుంచి అంతర్జాలానికి చేరిన క్రమంలో దాని పాఠానికి కలిగిన మార్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అనంతపురం జిల్లాలోని కళ్యాణదుర్గం అనే ఊరి పేరును నమూనా పదంగా స్వీకరించి, ఆ పేరు వివిధ దశల్లో ఏయే రూపాల్లో నమోదవుతుందో, ఏయే విధాలుగా చెడుతుందో వివరిస్తుంది. తెరపై అర్థంలేని గుర్తులుగా కనిపించే భ్రష్టపాఠాలు చాలావరకు నియమబద్ధమైనవనీ, తాళపత్రాల లేఖకదోషాల వలెనే వాటినీ వర్గీకరించి పరిష్కరించవచ్చుననీ ప్రతిపాదిస్తుంది. పొల్లు, కొమ్ము ఒకే విధంగా లుప్తమయ్యే సందర్భాన్ని ఇందుకు ప్రత్యేకంగా చర్చిస్తుంది.

కీలక పదాలు: సంకేతీకరణ, యూనికోడ్, ఇస్కీ, ఖతి, ప్రకటన, భ్రష్టపాఠం, పాఠాంతరం, గ్రంథపాతం, కళ్యాణదుర్గం.

1. ఉపోద్ఘాతం

తెలుగు పరిశోధనలో ప్రకటనకు లభించిన స్థానం స్వల్పం. పత్రికల చరిత్ర రాసినవారు సంపాదకీయాలను, ధారావాహికలను, వాదవివాదాలను పరిశీలించారు. ప్రకటనలను ఆర్థిక వనరుగా పేర్కొన్నారే తప్ప భాషా సామగ్రిగా చూసిన సందర్భాలు తక్కువ. అయితే ఒక ప్రాంతపు నిత్యవ్యవహార భాష, అక్కడి సరుకులు, వృత్తులు, అవసరాలు ప్రకటనలో నమోదైనంత నేరుగా ఇతర రచనల్లో నమోదు కావు. వర్షాభావ ప్రాంతమైన అనంతపురం పీఠభూమి విషయంలో ఇది మరింత వాస్తవం. బోరుబావుల తవ్వకం, మోటార్ల మరమ్మతు, వేరుశనగ విత్తనాలు, చీనీ మొక్కలు, బిందుసేద్య పరికరాలు, బంగారంపై రుణాలు, బెంగళూరు ప్రయాణాలు అనే అంశాల వరుసను చూసినంతనే ఆ నేల జీవనచరిత్ర స్థూలంగా తెలుస్తుంది.

ఈ సామగ్రిలో గత మూడు నాలుగు దశాబ్దాల భాగం కంప్యూటర్‌పై కూర్చినది. లోహపు అచ్చులో ఒకసారి పడిన అక్షరాన్ని లిపి తెలిసినవారెవరైనా చదవగలరు. పప్పూరు రామాచార్యులు 1926లో అనంతపురం నుంచి ప్రారంభించిన ‘శ్రీసాధన పత్రిక’ ప్రతి లభిస్తే దానిని చదవడానికి కన్ను తప్ప వేరొక సాధనం అవసరం లేదు. కాని 1990ల చివర ఒక ప్రత్యేక ఖతితో కూర్చిన ప్రకటన ఫైలు నేడు తెరిస్తే రోమన్ అక్షరాలు, విరామచిహ్నాలు, డిగ్రీ గుర్తులు కలగలిసిన వరుస మాత్రమే కనిపించవచ్చు. కాలంలో దగ్గరిది దుర్బోధం కావడం, దూరపుది సుబోధంగా ఉండడం అనే ఈ వైపరీత్యమే ప్రస్తుత చర్చకు మూలం.

కళ్యాణదుర్గాన్ని నమూనాగా తీసుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఈ పేరులో సంయుక్తాక్షరాలు, అచ్చుగుర్తులు, పూర్ణబిందువు అన్నీ ఉన్నాయి. ల-ళ వర్ణవైకల్పికం ఉండడం రెండవ కారణం. పైగా ఇది కన్నడ సీమకు ఆనుకొని ఉన్న ప్రాంతం కావడం వల్ల తెలుగు, కన్నడ లిపుల సంకేత సంబంధమూ ఇక్కడ ప్రస్తావనకు వస్తుంది.

2. లోహాక్షరం నుంచి ఖతి వరకు

తెలుగు పత్రికారంగంలో ప్రకటనకు దీర్ఘచరిత్ర ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారాన్ని, 1908లో అక్కడి నుంచే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా ప్రారంభించారు. సరుకు, ప్రకటన, పత్రిక అనే మూడింటి సంబంధం ఆనాడే ఏర్పడింది. అయితే చిన్న పట్టణపు దుకాణదారుకు పత్రికాప్రకటన చాలాకాలం అందుబాటులో లేదు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ 1989లో జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టిన తరువాత ఈ స్థితి మారింది. ఒక జిల్లాకే పరిమితమైన పుటలో, ఆ జిల్లా స్థాయి ధరతో, స్థానిక వర్తకుడు ప్రకటన ఇవ్వగలిగాడు. భారతీయ భాషాపత్రికల విస్తరణపై 2000లో గ్రంథం వెలువరించిన రాబిన్ జెఫ్రీ ఈ పరిణామానికి విశేష ప్రాధాన్యమిచ్చాడు.

స్థానిక ప్రకటన విస్తరించిన కాలమే అక్షరకూర్పు కంప్యూటర్‌కు మారిన కాలం. ఆనాటి కంప్యూటర్ ఒక అక్షరానికి ఒక బైటు కేటాయించేది. ఒక బైటులో 256 విలువలు మాత్రమే ఇముడుతాయి. నియంత్రణ సంకేతాలను మినహాయిస్తే ముద్రణయోగ్యమైన స్థానాలు సుమారు 190. తెలుగుకు గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు కలిపి లెక్కిస్తే అవసరమయ్యే రూపాలు అంతకు ఎన్నోరెట్లు. అందువల్ల ఖతి నిర్మాతలు అక్షరాన్ని భాగాలుగా విడగొట్టారు. తలకట్టును, గుడిని, కొమ్మును, వత్తును వేర్వేరు ముక్కలుగా గీసి, వాటిని రోమన్ అక్షరాలకూ పాశ్చాత్య గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో అమర్చారు. కూర్పరి ఆ ముక్కలను పక్కపక్కన చేర్చి అక్షరాన్ని తయారుచేసేవాడు. లోహపు అచ్చులో కూర్పరి చేసిన పనికే ఇది కొనసాగింపు.

ఇక్కడ గుర్తించవలసిన అంశం, ఈ పద్ధతిలో కంప్యూటర్‌లో నిలిచేది తెలుగు అక్షరం కాదన్నది. నిలిచేది రోమన్ అక్షరపు సంకేతం. దానిపై తెలుగు రూపాన్ని తొడిగేది ఖతి. హైదరాబాదులోని అను గ్రాఫిక్స్ వారి ఖతులు, పుణెలోని మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి తెలుగు నాట డీటీపీ కేంద్రాల్లో విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. ఒకరి ఖతిలో ‘క’ ఉన్న స్థానంలో మరొకరి ఖతిలో వేరే ముక్క ఉండేది. కాబట్టి ఖతి మారితే పాఠమే మారిపోయేది. కాగితంపై ముద్రించి ఇవ్వడమే పరమావధిగా ఉన్నంతకాలం ఇది దోషంగా కనబడలేదు. ఆహ్వానపత్రికకు, కరపత్రానికి, గోడపత్రానికి కావలసింది రూపమే.

అంతర్జాలం వచ్చాక ఈ లోపం బయటపడింది. ‘ఈనాడు’ తదితర పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఖతులతోనే మొదలయ్యాయి. పాఠకుని కంప్యూటర్‌లో ఆ ఖతి లేకుంటే పుట అర్థరహిత చిహ్నాలుగా కనిపించేది. ఈ చిక్కును తొలగించడానికి వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ అనే ఉపకరణం ఒక్కొక్క ఖతికి ఒక్కొక్క పట్టికను ఆధారంగా చేసుకుని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చేది. ప్రతి ఖతికీ ప్రత్యేక పట్టిక అవసరం కావడమే ఆనాటి తెలుగు ఎన్ని సంకేతలిపులుగా చీలిందో నిరూపిస్తుంది.

3. ఉమ్మడి సంకేతం: ఇస్కీ, యూనికోడ్

ఖతుల వైవిధ్యానికి భిన్నంగా మరొక ఆలోచన అప్పటికే రూపుదిద్దుకున్నది. కాన్పూరు ఐఐటీలో ఆరంభమై, అనంతరం సీడాక్ సంస్థలో కొనసాగిన కృషి ఫలితంగా భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడి సంకేత వ్యవస్థ ఏర్పడింది. ఇస్కీ అని ప్రసిద్ధమైన ఈ ప్రమాణాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 సంఖ్యతో ప్రకటించింది. రూపానికి కాక వర్ణానికి సంకేతం ఇవ్వడం దీని మూలసూత్రం. ‘క్య’ అనే సంయుక్తాక్షరానికి విడి సంకేతం ఉండదు. క, పొల్లు, య అనే మూడు సంకేతాల వరుసయే ‘క్య’. తెరపై వత్తు రూపాన్ని కల్పించడం యంత్రం పని. వర్ణసమామ్నాయాన్ని పునాదిగా చేసుకున్న ఈ ఆలోచన తెలుగు వ్యాకర్తలకు కొత్తది కాదు. హల్లుకు అచ్చు చేరిక, హల్లుకు హల్లు సంయోగం అనే వ్యాకరణ ప్రక్రియలే ఇక్కడ యంత్రనియమాలయ్యాయి.

1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి సంచిక ఇస్కీ 1988 నాటి రూపాన్ని అనుసరించి భారతీయ లిపులకు స్థానాలు కల్పించింది. దశాంశ లెక్కలో చెప్పాలంటే తెలుగుకు 3072 నుంచి 3199 వరకు, కన్నడానికి 3200 నుంచి 3327 వరకు స్థానాలు లభించాయి. ఉమ్మడి మూలం కారణంగా రెండు లిపుల్లో సమాన వర్ణాలు సరిగ్గా 128 స్థానాల దూరంలో ఉంటాయి. తెలుగు ‘ళ’ 3123 కాగా దానికి సమానమైన కన్నడ వర్ణం 3251. శాసనకాలంలో ఒకే లిపిగా ఉండి క్రమంగా విడిపోయిన తెలుగు, కన్నడ అక్షరాల సాన్నిహిత్యం ఈ అంకెల్లోనూ ప్రతిఫలిస్తుంది. ఈ సాన్నిహిత్యం వల్ల మోసపూరిత చిరునామాలు పుట్టే ప్రమాదమూ ఉంది. అందుకే అంతర్జాల చిరునామాల చివరి భాగాలకు భారతీయ లిపుల నియమాలు 2019లో రూపొందినప్పుడు, చూపుకు ఒకటిగా ఉండే తెలుగు, కన్నడ అక్షరాలను పరస్పర వికల్పాలుగా నిర్దేశించారు.

ప్రమాణం ఏర్పడినంత మాత్రాన వాడుక ఏర్పడలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే ఖతితో తెలుగు చేరింది. అయినా సంక్లిష్ట లిపుల సౌకర్యాన్ని వినియోగదారు ప్రత్యేకంగా ఎంచుకొని స్థాపించుకోవలసి వచ్చేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆవిర్భవించింది. 2006లో వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ రోమన్ మీటలతో యూనికోడ్ తెలుగు రాయడాన్ని సులభం చేసింది. వాణిజ్యరంగం ఇంకా ఆలస్యంగా స్పందించింది. గూగుల్ తన ప్రకటన సేవల్లో తెలుగుకు అధికారికంగా స్థానం కల్పించినది 2018 ఏప్రిల్‌లో. యూనికోడ్‌లో తెలుగు చేరిన 1991 నుంచి లెక్కిస్తే ఈ వ్యవధి 26 ఏళ్లకు పైబడినది. ఆ మధ్యకాలపు ప్రకటనలన్నీ ఖతి సంకేతంలోనో, బొమ్మరూపంలోనో, రోమన్ లిపిలోనో నమోదయ్యాయి.

4. ఒక పేరు, పన్నెండు సంకేతాలు

‘కళ్యాణదుర్గం’ అనే పేరును పాఠకుడు క, ళ్యా, ణ, దు, ర్గం అని ఐదు అక్షరాలుగా చదువుతాడు. ఛందస్సు పాటించేవారికీ ఇవి ఐదు అక్షరాలే. యూనికోడ్ లెక్కలో ఇవి పన్నెండు: క, ళ, పొల్లు, య, ఆకారపు గుర్తు, ణ, ద, కొమ్ము, ర, పొల్లు, గ, పూర్ణబిందువు. వీటి స్థానసంఖ్యల వరుస: 3093, 3123, 3149, 3119, 3134, 3107, 3110, 3137, 3120, 3149, 3095, 3074.

ఈ సంఖ్యలను తంతులపై పంపడానికి నేడు సర్వత్రా వాడే పద్ధతి యూటీఎఫ్-8. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ఇందులో రోమన్ అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడుతాయి. కనుక కళ్యాణదుర్గానికి 36 బైట్లు. ఇదే పేరును అంతర్జాల చిరునామాలో రాయవలసివస్తే ప్రతి బైటును శాతపు గుర్తుతో, రెండు షోడశాంశ అంకెలతో సూచించాలి. అప్పుడు అది 108 గుర్తుల వరుస అవుతుంది. రోమన్ లిపిలో ఈ ఊరి పేరును అధికారికంగా రాసే పద్ధతిలో పది అక్షరాలే ఉన్నాయి. పదికి నూటయెనిమిది అనే ఈ నిష్పత్తిని గమనిస్తే, ప్రకటనదారులు చిరునామాల్లో తెలుగును ఎందుకు తప్పించారో ఊహించవచ్చు.

కొలత నియమాలు ప్రకటనలో మరింత కఠినం. సంక్షిప్త సందేశానికి 140 బైట్ల పరిమితి ఉంది. రోమన్ అక్షరాలకు ఏడు బిట్ల సంకేతం వాడడం వల్ల అందులో 160 అక్షరాలు ఇముడుతాయి. తెలుగు సంకేతం ఒక్కటి చేరినా సందేశం మొత్తం పదహారు బిట్ల పద్ధతికి మారి, పరిమితి 70కి తగ్గుతుంది. అందులో పన్నెండు ఊరి పేరుకే పోతాయి. గూగుల్ వెతుకులాట ప్రకటనలో శీర్షికకు 30 గుర్తులు, వివరణకు 90 గుర్తులు పరిమితి. సంకేతాల లెక్కన ‘కళ్యాణదుర్గంలో’ అన్న పదమే 14 అవుతుంది. కంటికి ఆరక్షరాల పదం శీర్షికలో దాదాపు సగం స్థలాన్ని ఆక్రమిస్తుంది. పొల్లును, గుణింతపు గుర్తును విడి గుర్తులుగా లెక్కించే ఈ పద్ధతి రోమన్ లిపికి సహజమైనది, తెలుగు అక్షరభావనకు విరుద్ధమైనది. విభక్తులను, ఔపవిభక్తికాలను విడిచి పొడిపదాలను పేర్చే తంతివార్తల శైలిని ఇటువంటి కొలతలే ప్రోత్సహిస్తాయి.

5. భ్రష్టపాఠాల వర్గీకరణ

సంకేతం ఒక పద్ధతిలో రాసి మరొక పద్ధతిలో చదివినప్పుడు పాఠం చెడుతుంది. ప్రకటన ఒక చోట తయారై, అనేక యంత్రాల ద్వారా ప్రయాణించి, మరెక్కడో ప్రదర్శితమవుతుంది. అందువల్ల ఈ చెడుగు ఇతర రచనల కంటే ప్రకటనల్లో ముందుగా కనిపిస్తుంది. దీనిని నాలుగు విధాలుగా విభజించవచ్చు.

మొదటిది ఖతివియోగం. ప్రత్యేక ఖతితో రాసిన పాఠం ఆ ఖతి లేనిచోట రోమన్ గుర్తుల వరుసగా కనిపిస్తుంది. ఖతి పేరు తెలిస్తే దీనిని సంపూర్ణంగా పునరుద్ధరించవచ్చు. తెలియకపోతే అక్షరాల ఆవృత్తిని బట్టి ఊహించాలి. ఇటువంటి పాఠాన్ని నేటి ప్రకటన సేవలో అతికిస్తే యంత్రానికి అది తెలుగుగా కాక, విరామచిహ్నాల దుర్వినియోగంగా తోచే అవకాశం ఉంది.

రెండవది సంఖ్యారూపం. వెబ్ పుటలో తెలుగు సంకేతాన్ని దాని స్థానసంఖ్యతో సూచించే పద్ధతి ఒకటుంది. ‘క’కు బదులు &#3093; అని రాస్తే పుట దానిని ‘క’గా చూపుతుంది. ఇందులోని & గుర్తు వెబ్ భాషలో ప్రత్యేకార్థం గలది కనుక, దానిని అక్షరార్థంలో వాడదలిస్తే వేరే సంకేతంగా మార్చాలి. ఈ మార్పు రెండుసార్లు జరిగినప్పుడు పాఠకుడికి అక్షరాలకు బదులు &#3093;&#3123;&#3149; అనే అంకెలే కనిపిస్తాయి. పాఠం వికృతమైనా ఇందులో ఒక్క వర్ణం కూడా నశించదు. అంకెలను తిరిగి అక్షరాలుగా మార్చుకుంటే సరిపోతుంది. అయితే పొడవు పరిమితి ఉన్నచోట ప్రమాదముంది. ఈ పద్ధతిలో కళ్యాణదుర్గం 84 గుర్తులు అవుతుంది కాబట్టి పేరు మధ్యలోనే తెగిపోవచ్చు.

మూడవది బైటుభ్రమ. యూటీఎఫ్-8 పద్ధతిలో రాసిన మూడేసి బైట్లను పశ్చిమ ఐరోపా భాషల ఏకబైటు పద్ధతిగా చదవడం వల్ల ఇది కలుగుతుంది. తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు 224. అది వాలుగీత నెత్తిన గల రోమన్ ‘ఎ’ అక్షరంగా కనిపిస్తుంది. రెండవ బైటు 176 లేదా 177. మొదటిది డిగ్రీ గుర్తు, రెండవది ప్లస్-మైనస్ గుర్తు. అచ్చులు, హల్లులు, ఆకారపు గుర్తు, గుడి 176 వరుసలోనివి. గుడిదీర్ఘం, కొమ్ములు, ఎత్వ ఒత్వాల గుర్తులు, పొల్లు 177 వరుసలోనివి. కాబట్టి కళ్యాణదుర్గం ఈ విధంగా చెడినప్పుడు పన్నెండు రోమన్ ‘ఎ’లు, వాటి వెంట రెండవ స్థానంలో తొమ్మిది చోట్ల డిగ్రీ గుర్తు, మూడు చోట్ల ప్లస్-మైనస్ గుర్తు వస్తాయి. అర్థరహితంగా తోచే ఈ వరుసను చూసి, చెడినది తెలుగేనని, అందులో ఎన్ని సంకేతాలున్నాయో, వాటిలో ఏవి 177 వరుసకు చెందినవో పరిశోధకుడు నిర్ణయించగలడు.

ఇక్కడే ఒక సూక్ష్మ సమస్య ఎదురవుతుంది. విండోస్ వారి పశ్చిమ ఐరోపా సంకేతపట్టికలో 129, 141, 143, 144, 157 అనే ఐదు స్థానాలకు గుర్తులు కేటాయించలేదు. కొమ్ముకు మూడవ బైటు 129. పొల్లుకు మూడవ బైటు 141. ఏ, ఐ, ఝ అనే వర్ణాలు మిగిలిన మూడు స్థానాలకు తగులుతాయి. కొన్ని ప్రోగ్రాములు ఈ బైట్లను అదృశ్యరూపంలో నిలుపుతాయి. కొన్ని వాటిని తొలగిస్తాయి. తొలగించినచోట పొల్లు, కొమ్ము రెండూ ఒకే రెండు గుర్తులుగా మిగులుతాయి. ఏది పొల్లో, ఏది కొమ్మో గుర్తులను బట్టి చెప్పడం అసాధ్యం. కళ్యాణదుర్గంలో ఇటువంటి స్థానాలు మూడు: ళ తరువాత, ద తరువాత, ర తరువాత. ఒక్కొక్కచోట రెండేసి అవకాశాల చొప్పున ఎనిమిది పాఠాలు సాధ్యం. వాటిలో ‘కళ్యాణదుర్గం’, ‘కళ్యాణద్రుగం’, ‘కళ్యాణదురుగం’, ‘కళుయాణదుర్గం’ వంటివి ఉన్నాయి. ‘కళుయాణ’ అనేది భాషాసమ్మతం కాదు. ‘ద్రుగం’ అర్థవంతం కాదు. ‘దురుగం’ మాత్రం స్వరభక్తితో ఏర్పడిన జనవ్యవహార రూపంగా సంభావ్యం. అందువల్ల దానిని యాంత్రికంగా త్రోసిపుచ్చలేము. ప్రాంతపు వాడుక, ప్రకటనలోని ఇతర పదాల లేఖనం చూసి నిర్ణయించాలి. నిఘంటువు, వ్యాకరణం, ప్రాంతీయ వ్యవహారం తెలిసిన పాఠపరిష్కర్త చేయవలసిన పని ఇది. యంత్రానికి మాత్రమే విడిచిపెట్టదగినది కాదు.

నాలుగవది గ్రంథపాతం. తెలుగు సంకేతాన్ని స్వీకరించలేని వ్యవస్థ ఒక్కొక్క సంకేతానికి బదులు ఒక్కొక్క ప్రశ్నార్థకాన్ని ఉంచినప్పుడు ఇది ఏర్పడుతుంది. కళ్యాణదుర్గం పన్నెండు ప్రశ్నార్థకాలవుతుంది. అంతే పొడవు గల మరే పదమైనా అదే రూపం పొందుతుంది. తాళపత్రంలో చెదలు తిన్న భాగం వలె ఇక్కడ పొడవు మాత్రమే మిగిలి, అక్షరం నశిస్తుంది. మైఎస్‌క్యూఎల్ అనే ప్రసిద్ధ దత్తాంశ వ్యవస్థలోని పాత యూటీఎఫ్-8 ఏర్పాటు మూడు బైట్ల వరకే స్వీకరించేది. తెలుగు అందులో ఇముడుతుంది. నాలుగు బైట్ల భావచిత్రాలు, అంటే ఎమోజీలు ఇమడవు. కొన్ని అమరికల్లో ఎమోజీ వచ్చినచోట పాఠం తెగి, దాని తరువాతి తెలుగంతా లోపించేది. నాలుగు బైట్లను స్వీకరించే ఏర్పాటు ఆ వ్యవస్థకు 2010లో 5.5.3 సంచికతో వచ్చింది. అలంకారం కోసం చేర్చిన ఒక బొమ్మ వల్ల చిరునామా, ధర లుప్తం కావడం గ్రంథపాతంలో ఒక ఆధునిక భేదం.

6. పాఠాంతరాలు: ల-ళ, సున్న, కనబడని విడదీత

పైవి దోషాలు. ఇవిగాక, చూపుకు సరిగా ఉండి సంకేతంలో భిన్నమైన రూపాలున్నాయి. వీటిని పాఠాంతరాలుగా పరిగణించడం ఉచితం.

సంస్కృతసమాన్ని అనుసరిస్తే ‘కల్యాణ’ శబ్దం లకారయుక్తం. కన్నడంలోనూ ఆ రూపమే ప్రసిద్ధం. తెలుగు వ్యవహారంలో ‘కళ్యాణ’ స్థిరపడి, ఊరి పేరు కళ్యాణదుర్గంగా ప్రచారంలో ఉంది. చదువరికి రెండూ ఒకే ఊరు. యంత్రానికి 3122, 3123 వేర్వేరు. కేవల సంకేతసామ్యాన్ని ఆధారం చేసుకునే వెతుకులాట ఒక రూపాన్ని కోరినవారికి మరొక రూపంలోని ప్రకటనను చూపదు. సాధుత్వచర్చగా వ్యాకర్తలకు పరిచితమైన విషయం ఇక్కడ వర్తకుని లాభనష్టాలతో ముడిపడింది.

పేరు చివరి పూర్ణబిందువు మరింత చిక్కైనది. తెలుగు అంకెల్లోని సున్న రూపంలో పూర్ణబిందువును పోలి ఉంటుంది. పూర్ణబిందువు స్థానం 3074, అంకె సున్న స్థానం 3174. మీటల పొరపాటు వల్ల ఒకదాని బదులు మరొకటి పడినా ముద్రణలో దోషం కనబడదు. అప్పుడు కళ్యాణదుర్గం చివర అనుస్వారం ఉండవలసినచోట అంకె ఉంటుంది. కంటితో చేసే ప్రూఫు దిద్దుబాటుకు ఇది అందదు.

మూడవది కనబడని విడదీత గుర్తు. సాంకేతిక పరిభాషలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే దీని స్థానం 8204. పొల్లు తరువాత దీనిని ఉంచితే తదుపరి హల్లు వత్తుగా మారదు. ఆంగ్లపదాలను అధికంగా స్వీకరించే ప్రకటన భాషకు ఇది అత్యవసరం. ‘బోర్‌వెల్’ అన్న పదంలో ఈ గుర్తు ఉంటే రెండు పదాల సమాసంగా స్పష్టంగా కనిపిస్తుంది. లేకుంటే ‘బోర్వెల్’ అవుతుంది. అదృశ్య గుర్తులను అనవసరమైనవిగా భావించి తొలగించే వ్యవస్థల గుండా వెళ్లిన ప్రకటనలో రెండవ రూపమే మిగులుతుంది. నీటికోసం నేలను లోతుగా తవ్వే ప్రాంతంలో అతి తరచుగా ప్రకటితమయ్యే పదాల్లో ఇది ఒకటి కావడం గమనార్హం. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లను స్తంభింపజేసిన ‘జ్ఞా’ ఉదంతంలోనూ ఈ గుర్తు పాత్ర ఉంది. జ, పొల్లు, ఞ, విడదీత గుర్తు, ఆకారం అనే వరుసను ప్రదర్శించడంలో ఆ వ్యవస్థ విఫలమైంది. ఫిబ్రవరి 19న వెలువడిన 11.2.6 సవరణతో అది సరిదిద్దబడింది. ప్రపంచవ్యాప్త వార్తల్లో ‘తెలుగు అక్షరం’ చేసిన కీడుగా ప్రచారమైన ఈ ఘటన నిజానికి లిపి లోపం కాదు, లిపిని సరిగా ఎరుగని యంత్రనిర్మాణ లోపం.

ఇదే కోవలోనిది ఐత్వపు గుర్తు. యూనికోడ్ దానిని ఒకే సంకేతంగానూ, ఎత్వపు గుర్తుకు కింది భాగాన్ని చేర్చిన రెండు సంకేతాలుగానూ రాయనిస్తుంది. రెండూ సమానమని ప్రమాణమే నిర్దేశించింది. సమీకరణ జరపని వ్యవస్థలకు మాత్రం అవి భిన్నపదాలు.

7. ధరను సూచించే గుర్తు

ప్రకటనలో ఊరి పేరు తరువాత ముఖ్యమైనది ధర. తెలుగు ముద్రణలో ‘రూ.’ అనే సంక్షేపం చిరకాలంగా వాడుకలో ఉంది. 2010 జులై 15న కేంద్రప్రభుత్వం ఉదయకుమార్ రూపొందించిన ₹ చిహ్నాన్ని ఆమోదించింది. అదే ఏడు అక్టోబరులో వచ్చిన యూనికోడ్ 6.0 దానికి 8377 స్థానాన్ని కేటాయించింది. ఈ కొద్ది నెలల వ్యవధిలోనే పాత ఖతిపద్ధతి మళ్లీ తలెత్తింది. మంగళూరుకు చెందిన ఫొరాడియన్ సంస్థ విడుదల చేసిన ఖతి, మీటల పలకపై ఉన్న వెనుకవాలు గీత స్థానంలో రూపాయి బొమ్మను అమర్చింది. ఆ ఖతి ఉన్నచోట రూపాయి, లేనిచోట చిన్న గీత. తెలుగు అక్షరాలకు పూర్వం జరిగినదే ఒక్క గుర్తు విషయంలో సూక్ష్మరూపంలో పునరావృతమైంది. పూర్తిగా రోమన్ లిపిలో ఉన్న సంక్షిప్త సందేశంలో సైతం ఒక్క ₹ చేరితే 160 పరిమితి 70కి తగ్గుతుంది. ‘రూ.’ అనే పాత సంక్షేపం నేటికీ నిలిచి ఉండడానికి సంప్రదాయంతోపాటు ఇటువంటి సాంకేతిక కారణాలూ తోడ్పడి ఉండవచ్చు.

8. బొమ్మరూప ప్రకటన, పరిరక్షణ సమస్య

సంకేతచిక్కులకు చిన్న పట్టణాల డీటీపీ కేంద్రాలు కనుగొన్న పరిష్కారం ప్రకటనను బొమ్మగా మార్చడం. పరిచితమైన ఖతితో కూర్చి, చిత్రంగా భద్రపరచి పంపితే ఏ ఫోన్‌లోనైనా అక్షరం చెడదు. 2011-12 ప్రాంతంలో సిలికానాంధ్ర సహకారంతో ప్రభుత్వం ఉచితంగా అందించిన రామభద్ర, మండలి, సూరన్న వంటి యూనికోడ్ ఖతులు అలంకారపు అక్షరాల కొరతను కొంత తీర్చాయి. అయినా బొమ్మరూపం తగ్గలేదు. ఇందులో రూపం నిలుస్తుంది, పాఠం నిలవదు. వెతుకులాటకు అందదు, చూపులేనివారికి చదివి వినిపించే సాధనానికి అందదు, పదసూచికకు అందదు. అచ్చుబ్లాకు నాటి స్థితికి ఇది ఒక విధమైన పునరాగమనం.

ఫలితంగా ప్రకటన సామగ్రి మూడు స్థితుల్లో మిగిలింది: ఖతి తెలిస్తేనే చదవగల ఫైళ్లు, ప్రయాణంలో చెడిన యూనికోడ్ పాఠాలు, చిత్రాలు. ఈ మూడింటినీ సేకరించే గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయ శాఖలు కొన్ని నియమాలు పాటించడం అవసరం. ఫైలును మార్చడానికి ముందు దాని మూలప్రతిని బైటు చెదరకుండా ఉంచాలి. వాడిన ఖతి పేరును, వీలైతే ఖతినే జతపరచాలి. చెడిన పాఠాన్ని సరిదిద్దినప్పుడు చెడిన రూపాన్ని అధోజ్ఞాపికలో చూపాలి. ల-ళ వంటి వైకల్పికాలను ఏకరూపం చేయకూడదు. వెతుకులాట సౌకర్యానికి సమీకరించిన ప్రతిని వేరుగా తయారుచేసుకోవచ్చు. సి.పి. బ్రౌన్ కడపలో పండితుల చేత ప్రతులను సరిపోల్చి పాఠాలు సిద్ధం చేయించిన నాటి నుంచి తెలుగు పరిష్కర్తలు ఎరిగిన విధానమే ఇది. సామగ్రి మాత్రమే కొత్తది.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. తెలుగు ప్రకటనలో కనిపించే అక్షరవికృతి యాదృచ్ఛికం కాదు. ఒక్కొక్క వికృతి వెనుక ఒక చారిత్రక దశ, ఒక నిర్దిష్ట సంకేతనియమం ఉన్నాయి. రెండవది, వికృతులన్నీ సమానం కావు. ఖతివియోగం, సంఖ్యారూపం పునరుద్ధరణకు లొంగుతాయి. బైటుభ్రమలో పొల్లు, కొమ్ము లోపించినచోట భాషాజ్ఞానంతో పాఠనిర్ణయం చేయాలి. ప్రశ్నార్థకాలుగా మిగిలినచోట ఇతర ప్రతి లభిస్తే తప్ప మార్గం లేదు. మూడవది, ఈ పని కేవలం సాంకేతిక నిపుణులది కాదు. ‘దుర్గం’, ‘దురుగం’ రూపాల మధ్య నిర్ణయం భాషాశాస్త్రానికి, మాండలిక పరిజ్ఞానానికి సంబంధించినది.

కరువును ఎదుర్కొన్న ఒక పీఠభూమి ఏమి కొన్నది, ఏమి అమ్ముకున్నది, ఎక్కడికి వలస వెళ్లింది, ఏ మాటలతో వ్యవహరించింది అన్న ప్రశ్నలకు సమాధానాలు ఈ ఫైళ్లలో ఉన్నాయి. వాటిని తయారుచేసిన కేంద్రాల పాత కంప్యూటర్లు తుక్కుకు పోతున్నకొద్దీ, ఆ ఖతులను వాడిన కూర్పరులు వృత్తి విరమించినకొద్దీ, చదవడానికి కావలసిన ఆధారాలు తరుగుతాయి. తాళపత్రాల విషయంలో ఆలస్యం వల్ల కలిగిన నష్టం తెలుగు సాహిత్యచరిత్రకు తెలిసినదే. ఆ అనుభవం దృష్ట్యా, జిల్లాస్థాయి ప్రకటనల సేకరణను, ఖతిపట్టికల నిర్మాణాన్ని తెలుగు శాఖలు తమ పరిశోధన ప్రణాళికల్లో చేర్చుకోవడం తక్షణ అవసరం.